ఇయాన్ కాదు, ఓయిన్

సంపాదకుడు గారికి నమస్కారం.

2019 ప్రపంచకప్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మీ క్రీడల పేజీలో ఇంగ్లండ్ కెప్టెన్ పేరు ‘ఇయాన్ మోర్గాన్’ అనే వస్తోంది. మీరొక్కరే కాదు, తెలుగు పత్రికలన్నీ దాదాపు అలాగే రాస్తున్నాయి. ఆయన పేరు ఓయిన్. డబ్లిన్‌లో పుట్టి, 2007 ప్రపంచకప్ ఐర్లండ్‌కి ఆడి, తర్వాత ఇంగ్లండ్‌కి మారాడు. మన సన్‌రైజర్స్‌కీ ఆడాడు. కనీసం అప్పుడైనా సరిచేసుకోలేదు మనం!

ఇంగ్లిష్‌లో ఆ నాలుగక్షరాలు (Eoin) చూస్తే ఎవరికైనా తికమకే, ఒప్పుకుంటాను. కానీ ఈ పేరు మనకు పరాయిదేం కాదు. మన బైబిల్లోని యోహానే ఆ ఓయిన్. హీబ్రూ యోహానాన్ గ్రీకు, లాటిన్ మీదుగా క్రైస్తవంతో పాటు ఐర్లండ్ చేరి అలా మారింది. 1169లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు దండెత్తి వచ్చాక అదే పేరు ఫ్రెంచి రూపంలో, ‘జెహాన్’గా, రెండోసారి దిగింది. ఐరిష్‌లో ‘జ’ పలకదు కాబట్టి అది షాన్ అయింది. ఉత్తరాన అల్‌స్టర్ యాసలో షేన్. షేన్ వార్న్ పేరు అక్కడిదే. ఆడపిల్లలకు షివాన్, షినేడ్ కూడా ఈ కుదురువే. ఇక స్కాట్లండ్‌లో ఇదే పేరు ఇయాన్. అంటే మనం ఇన్నేళ్లుగా మోర్గాన్‌ని స్కాట్లండ్ పేరుతో పిలుస్తున్నామన్నమాట.

ఏ రూపమైతే ఏంలే అనుకోవచ్చు. ఐర్లండ్‌లో మాత్రం అలా అనుకోరు. 1913లో ఐరిష్ వాలంటీర్ల దళం స్థాపకుల్లో ఒకరైన మెక్‌నీల్‌కి పుట్టినప్పుడు పెట్టింది ఇదే పేరుకు ఇంగ్లిష్ రూపమైన జాన్. ఐరిష్ భాషా ఉద్యమంలో పనిచేసిన ఆయన చరిత్రలో ఓయిన్ మెక్‌నీల్‌గానే నిలిచాడు. 2021లో తెచ్చిన భాషా చట్ట సవరణ ప్రకారం, పేర్లలోని అచ్చుల మీద పెట్టే దీర్ఘ గీతను కూడా ప్రభుత్వ కార్యాలయాల కంప్యూటర్లు వదిలేయకూడదు. ఆ గీత లేకపోతే షాన్ అనే పేరు ‘ముసలి’ అనే మాటగా మారిపోతుంది మరి.

మనకు ఆ గీతల తంటా లేదు. విన్నది విన్నట్టు రాయగల లిపి చేతిలో ఉంది. అయినా ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి అక్షరానికి అక్షరం దించేస్తున్నాం. ‘ఓపెన్‌హైమర్’కి ఆస్కార్ అందుకున్న నటుడు కిలియన్ మర్ఫీ, ఆయన్ని ‘సిలియన్’ చేస్తున్నాం. ఆ పేరు మొదట్లో ఉన్న ‘C’ని ఐరిష్‌లో ‘స’ అని పలకరు, ‘క’ అనే పలుకుతారు. మన పేర్లను విదేశీ కామెంటేటర్లు ఖూనీ చేస్తే మాత్రం ఎంత గొడవ చేస్తాం!

డెస్కులో పనిచేసేవారికి టైమ్ ఉండదని తెలుసు. ఆ వ్యక్తి ఇంటర్వ్యూ ఒకటి అర నిమిషం వింటే చాలు. పాఠకులు తికమక పడతారనుకుంటే, కొన్నాళ్లు ‘ఓయిన్ (ఇయాన్) మోర్గాన్’ అని రాసి, తర్వాత బ్రాకెట్ తీసేయండి.

– ఒక పాఠకుడు, తెనాలి