చిన్నాకు, ఉదయగిరి నుంచి

చిరంజీవి చిన్నాకు ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. బర్రె ఈనింది, ఆడదూడ. ఆత్మకూరు పెద్దత్త వచ్చి వెళ్లింది. నువ్వు మళ్లీ కంపెనీ మారుతున్నావని ఎవరో అన్నారట. నేను నమ్మలేదు, అడగడమూ లేదు.

మొన్న దుర్గం కొండెక్కాను. అమ్మకు చెప్పకు. దారి పక్క బండల మీద బూడిదరంగు మచ్చలుంటాయే, లైకెన్లు, అవి చూస్తూ కూర్చున్నాను. శిలీంధ్రం ఇల్లు కడితే శైవలం వండిపెడుతుంది, అదీ వాటి కాపురం. బిర్యానీలో వేసే రాతిపువ్వూ లైకెనే. చలిప్రాంతాల రాళ్ల మీద దేశపటంలా పరుచుకునే రకం ఏడాదికి మిల్లీమీటరైనా పెరగదు, వందల ఏళ్లు బతుకుతుంది. 2005లో రోదసిలో రెండు వారాలు ఆరుబయట ఉంచి తెచ్చినా బతికే ఉంది. ఏసీ గదిలో రెండేళ్లు కూర్చోవడం అంత కష్టమా? ఊరికే అన్నాను.

దిగుతుంటే తుమ్మచెట్టు దగ్గర పిల్లలు గుమిగూడి ఉన్నారు. కొమ్మ మీద ఊసరవెల్లి. శీనయ్య మనవడు అప్పటికే రాయెత్తాడు, అది ఎదురైతే అరిష్టమని వాళ్ల నాయనమ్మ చెప్పిందట. చేయి పట్టుకుని కూర్చోబెట్టాను. దాక్కోవడానికే రంగు మారుస్తుందనుకోవద్దురా, చలేస్తే ఎండ పీల్చుకోవడానికి నల్లబడుతుంది, పోటీ మగది ఎదురైతే మెరుస్తుంది అన్నాను. మడగాస్కర్‌లో పాంథర్ ఊసరవెల్లి ఉంది. దాని చర్మకణాల్లో సన్నటి స్ఫటికాలు దగ్గరగా ఉన్నంతసేపు ఆకుపచ్చగా ఉంటుంది, ఉద్రేకంతో అవి ఎడమైతే పసుపు, ఎరుపులకు తిరుగుతుంది. జెనీవా శాస్త్రజ్ఞులు 2015లో తేల్చారు. వాడు రాయి పారేసి, "సార్, దానికి భయమేస్తే ఏ రంగు?" అన్నాడు. బాగుంది కదా ప్రశ్న! అది ఊగుతూ ఊగుతూ దారి దాటేదాకా అందరం నిలబడ్డాం. ఇంటికొచ్చేసరికి మూడైంది, అమ్మ చేత తిట్లు తిన్నాను.

ఆ మడగాస్కర్‌లోనే లాబోర్డ్ ఊసరవెల్లి ఇంకా విచిత్రం. ఎనిమిది నెలలకు పైగా గుడ్డులోనే ఉండి, బయటికొచ్చాక నాలుగైదు నెలలకే పోతుంది. నీ పోయిన ఉద్యోగం దానికంటే ఎక్కువ నిలిచిందో లేదో నేను లెక్కవేయలేదు. పీఎఫ్ మాత్రం మధ్యలో తీయకు. కాగితం చేతికి రాకుండా రాజీనామా ఇవ్వకు. పెద్దవాడివయ్యావు, చెప్పకూడదనే అనుకున్నాను.

రాత్రుళ్లు మేలుకోకు. తలకు నూనె పెట్టు. పండుమిరప పచ్చడి, అరిసెలు శనివారం బస్సులో పంపుతాను. పోయినసారి స్టీలు డబ్బా తిరిగి రాలేదు, అమ్మ అడుగుతోంది.

డబ్బా మీద ఏ చిరునామా రాయమంటావు, పాతదేనా?

నాన్న