నాన్న ఇంటికొచ్చారు, చెన్నై ల్యాబ్ అక్కకు దండాలు

నిన్న రాత్రి నాన్నను గూడూరు తీసుకొచ్చేశాం. ఆక్సిజన్ లేకుండానే నడుస్తున్నారు. కూరలో ఉప్పు తగ్గిందని అమ్మ మీద విసుక్కుంటున్నారు కూడా. ఫోన్ చేసినవాళ్లందరికీ మాట్లాడలేకపోయాను, ఏమీ అనుకోకండి. నాకింకా నిద్ర తీరలేదు.

అన్నయ్య, వదిన, మా ఆయన ఎలాగూ ఉన్నారు, థాంక్స్ చెబితే తిడతారు. నేను రాయాలనుకున్నది చెన్నై ఆసుపత్రిలో నైట్ డ్యూటీలో రక్తం తీయడానికి వచ్చే ల్యాబ్ అక్క గురించి.

నాన్నకు గుండెపోటు వస్తే గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు, గండం గడిచిందనుకున్నాం. ఆ తర్వాత మొదలైంది జ్వరం, ఆయాసం. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు తెల్లగా ఉన్నాయి. గుండె బలహీనపడి నీరు చేరిందో, న్యుమోనియానో ఎక్స్‌రే ఒక్కటీ చూసి చెప్పలేమన్నారు. రిపోర్టులేమో అర్ధరాత్రి ఫోన్‌లో వచ్చి పడేవి. ట్రోపోనిన్, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపేది), తెల్లకణాలు, అన్నీ ఎర్ర గుర్తులే. ఎవరిని అడిగినా "రౌండ్స్‌లో డాక్టర్‌ను అడగండి" అనేవారు. మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే అక్క ఆగి, "ఆంధ్రానామ్మా?" అంది, తెలుగులో.

పక్కన కూర్చుని ఒక్కో లైనూ చెప్పింది. గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ రక్తంలోకి వస్తుందట, వారం పది రోజులు ఉండిపోతుందట, నిన్నటికంటే దిగిందా లేదా చూసుకోవాలట. సీఆర్‌పీ, తెల్లకణాలు గుండెపోటు వచ్చినా పెరుగుతాయి కాబట్టి వాటిని బట్టి ఇన్‌ఫెక్షన్ అని తేల్చలేరు. అందుకే డాక్టర్ ప్రోకాల్సిటోనిన్ అనే రక్తపరీక్ష కూడా రాశారంది. అది ఎక్కువగా బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌లో పెరుగుతుంది, 0.25 లోపుంటే ఆ అనుమానం తక్కువ. మందు పడ్డాక అది తగ్గుతోందా అన్నది చూడాలి. "నేను చదివి చెప్తున్నానంతే, డాక్టర్ మాటే మాట" అని మళ్లీ మళ్లీ అంది. నాన్నకు బాగా పెరిగే ఉంది. యాంటీబయాటిక్ మార్చాక రోజురోజుకూ దిగింది.

నాన్నకు తమిళం ఒక్క ముక్క రాదు. సూదులకు చేతులు నల్లబడిపోయి, ఎవరొచ్చినా మాస్క్ లాగేసేవారు. అక్క చేయి పట్టుకుని "నాయనా, రవ్వంత రక్తం, అంతే" అంటే ఊరుకున్నారట. పైగా "అన్నం తిన్నావామ్మా?" అని అడిగారట. ఆ సంగతి నవ్వుతూ నాకు చెప్పింది, నేనింక ఆగలేకపోయాను.

అక్కవాళ్లింట్లో తెలుగే మాట్లాడతారు, చదువు మాత్రం తమిళంలో. పేరు రాయొద్దంది. అందుకే ఇది నేనే చదివి అక్కకు వాయిస్ మెసేజ్‌గా పంపాలి.

డిశ్చార్జ్ మాట ఎత్తితే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. పొద్దున్నే వెళ్లొచ్చన్నారు, ఇన్సూరెన్స్ అప్రూవల్ రాత్రికి వచ్చింది. డిశ్చార్జ్ అడిగిన 3 గంటల్లో తేల్చాలని ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024లోనే చెప్పింది. కౌంటర్‌లో ఆ మాటంటే "సిస్టమ్ స్లో మేడమ్" అన్నారు. అంతసేపూ వీల్‌చైర్‌లో ఆ ముసలాయన.

క్యాంటీన్‌లో నాన్న కోసం ఉప్పు లేని కంజి విడిగా కాచిచ్చిన అన్నకు, రాత్రిళ్లు ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోనిచ్చిన సెక్యూరిటీ తాతకు థాంక్స్.

అయ్యో, అసలాయన్ని మర్చిపోయాను! గూడూరులో ఈసీజీ తీసిన వెంటనే ఆస్పిరిన్ నమిలించి, చెన్నైకి ఫోన్ చేసి, అంబులెన్స్ ఎక్కించిన డాక్టర్‌గారు. సార్, రేపు నాన్నను తీసుకుని వస్తాం, ఫైల్ కూడా తెస్తాను.