ఆడ ఫైటర్ చేప పక్కన ఏం వేయాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో ఇంట్లో అక్వేరియం పెట్టుకోవడం మీద వచ్చిన కథనం చదివాను. చాలావరకు పనికొచ్చే మాటలే ఉన్నాయి. కానీ మగ ఫైటర్‌ను ఒంటరిగా ఉంచాలి, ఆడదైతే ఏ చేపలతోనైనా కలిసిపోతుంది అని అందులో ఒక మాట రాశారు. అది చదివాక ఊరుకోలేకపోయాను. ఎందుకంటే సరిగ్గా ఆ మాటే నమ్మి నేను ఒక చేపను నానా బాధలూ పెట్టాను.

రెండేళ్ల కిందట మా పాప ముచ్చటపడిందని ఒక ఆడ ఫైటర్‌ను కొన్నాం. నీలం రంగు, పొట్టి తోక, పొట్ట కింద తెల్లటి చుక్క. మాది అడుగున్నర తొట్టె, నీళ్లు పోస్తే పాతిక లీటర్లకు కాస్త అటూ ఇటూ. ఇంకేం వేయొచ్చని షాపులో అడిగితే, ఆడదండీ ఏమీ చేయదు అని నాలుగు టైగర్ బార్బ్‌లూ, అద్దం శుభ్రం చేస్తుందని ఒక సక్కర్ చేపా కలిపి ఇచ్చారు. వారం తిరగకముందే ఫైటర్ తోక అంచులు చింపిన కాగితంలా అయిపోయాయి. మేత వేసినా పైకి రావడం మానేసి ఫిల్టర్ వెనకాల నక్కేది, ఒంటి మీద తల నుంచి తోక దాకా పొడవునా లేత గీతలు తేలాయి. అవి భయానికి వచ్చే గీతలని నాకు తర్వాత తెలిసింది. మేమంతా ఫైటర్ మిగతావాటిని కొడుతుందేమోనని కాపలా కాశాం, తీరా దెబ్బలు తిన్నది అదే.

టైగర్ బార్బ్‌లకు రెక్కలు కొరికే అలవాటు ఉంది, నాలుగైదు మాత్రమే ఉంటే అది ఇంకా ఎక్కువ. గౌరమీలు ఫైటర్‌కు దగ్గరి చుట్టాలు, రెండూ ఒకే చోటు నాదంటే నాదని కొట్టుకుంటాయి. రంగురంగుల పెద్ద తోక ఉన్న మగ గప్పీని చూస్తే కొన్ని ఆడ ఫైటర్లు కూడా మొప్పలు విప్పి వెంటపడతాయి. గోల్డ్ ఫిష్‌కు చల్లటి నీళ్లు కావాలి, ఫైటర్‌కు 24 నుంచి 28 డిగ్రీల వెచ్చదనం కావాలి, పైగా గోల్డ్ ఫిష్ వేసే మలినానికి పాతిక లీటర్లు ఏ మూలకూ చాలవు. మగ ఫైటర్‌ను కలిపి ఉంచితే రెండూ కొట్టుకుంటాయని చెప్పనే అక్కర్లేదు.

ఆడవాటినే రెండు పెంచుదాం అని కూడా చాలామంది అనుకుంటారు. దయచేసి చిన్న తొట్టెలో ఆ పని చేయకండి. రెండింటిలో ఒకటి పెత్తనం చేస్తుంది, రెండోదానికి పారిపోయే చోటు ఉండదు. ఐదారు ఆడవాటిని మొక్కలు దట్టంగా ఉన్న పెద్ద తొట్టెలో పెంచేవాళ్లు ఉన్నారు, అక్కడ కూడా రోజూ కనిపెట్టుకుని ఉండాల్సిందే.

మరి ఏం వేయాలి? నన్నడిగితే మొదటి తోడు నత్త. నెరైట్ నత్త అద్దానికి పట్టిన పచ్చటి పాకుడు తింటుంది, మంచినీళ్లలో దాని గుడ్లు పొదగవు కాబట్టి సంఖ్య పెరిగిపోతుందన్న టెన్షన్ లేదు, బోరునీళ్లలో ఉండే సున్నం దాని చిప్పకు మంచిదే. చేపలే కావాలంటే ఎంబర్ టెట్రాలు ఆరు. రెండు సెంటీమీటర్లు దాటని చిన్న చేపలు, వెచ్చటి నీళ్లకు తట్టుకుంటాయి, గుంపుగా తిరుగుతూ తమ పని తాము చూసుకుంటాయి. అడుగున తిరిగే పిగ్మీ కోరీలు కూడా నెమ్మదైనవే కానీ వాటికి కాస్త చల్లదనం కావాలి, మా గుంటూరు ఎండల్లో నేనైతే వాటి జోలికి వెళ్లను. చెర్రీ రొయ్యలు అందంగా ఉంటాయి, కాకపోతే వాటి పిల్లల్ని ఫైటర్ తినేస్తుంది, కొన్ని ఫైటర్లు పెద్ద రొయ్యల్నీ వదలవు. చేప చేపకూ స్వభావం మారుతుంది. అందుకే తోడు తెచ్చే ముందు, పడకపోతే విడిగా ఉంచడానికి ఒక టబ్బో బకెట్టో సిద్ధంగా పెట్టుకోవాలి.

మేం బార్బ్‌లను షాపుకు తిరిగిచ్చేశాం. ఒక కొబ్బరి చిప్పను మరిగించి బోర్లా పెట్టాం, నాచు వేశాం. మా వీధిలో బాదం చెట్టు ఉంది, రాలి ఎండిన ఆకును కడిగి ఒకటి వేస్తే నీళ్లు టీ రంగుకు తిరిగాయి. థాయ్‌లాండ్‌లో ఈ చేపలు పెంచేవాళ్లు కూడా ఈ ఆకే వాడతారు, అక్కడ ఫైటర్ చేపను 2019లో జాతీయ జలచరంగా ప్రకటించుకున్నారు. వారం వారం పావు వంతు నీళ్లు మార్చాం. నెలన్నరకు తోక మళ్లీ పెరిగింది. ఆ తర్వాతే టెట్రాలను తెచ్చి రెండు వారాలు విడిగా ఉంచి, కొబ్బరి చిప్పను, నాచును అటూ ఇటూ మార్చి తొట్టెలో వదిలాం. అలా మారిస్తే ఇది నా చోటు అన్న పట్టింపు ఫైటర్‌కు కొంత తగ్గుతుంది. మొదటి రోజు రెండుసార్లు తరిమింది, మూడో రోజుకి పట్టించుకోవడం మానేసింది.

ఇంకొకటి, తోడు లేకపోతే అది దిగులు పడుతుందేమోనని మా పాప లాగే చాలామంది పిల్లలు బాధపడతారు. ఫైటర్ గుంపు చేప కాదు. ఒంటరిగా ఉన్నా దానికి లోటేమీ లేదు. పది లీటర్ల గిన్నె అయితే ఏ చేపనూ కలపకండి.

సక్కర్ సంగతి చెప్పలేదు కదా. వేలెడంత ఉన్నప్పుడు అమ్మే ఆ చేప పెద్దదైతే అడుగు దాటుతుంది, ఆ విషయం షాపులో ఒక్కరూ చెప్పలేదు. తొట్టె చాలక చాలామంది దాన్ని చెరువులోనో కాలువలోనో వదిలేస్తున్నారు. మన జాలర్ల వలలను పాడుచేస్తున్న డెవిల్ ఫిష్ అని మీ పత్రికలోనే వార్తలు వస్తుంటాయే, అది ఈ జాతి చేపే. ఇంట్లో సక్కర్ పెరిగిపోయి ఉంటే నీళ్లలో వదలకండి, తీసుకుంటామన్న షాపుకో పెద్ద తొట్టె ఉన్నవాళ్లకో ఇవ్వండి. మేం రెండున్నర అడుగుల తొట్టెలు ఉన్న ఒకాయనకు ఇచ్చాం, ఆయన కూడా పెద్దది కట్టించాల్సి వస్తుందనే అన్నారు.

షాపులవాళ్లకు నా విన్నపం ఒక్కటే. ప్రతి తొట్టె మీదా చేప పేరు, పెద్దయ్యాక ఎంత పొడవవుతుంది, ఎన్ని లీటర్ల నీళ్లు కావాలి అని ఒక చిన్న చీటీ అంటించండి. మీరు కూడా ఆ కథనంలోని మాటను వచ్చే ఆదివారం సవరించి వేస్తే బాగుంటుంది. వేసవి సెలవులు వస్తున్నాయి, పిల్లలు చేపలు కొనమని అడిగే రోజులివే.

ఇట్లు,
ఒక పాఠకురాలు, గుంటూరు