మా గోల్డ్‌ఫిష్‌లను బతికించిన అందరికీ కృతజ్ఞతలు

మా రెండు గోల్డ్‌ఫిష్‌లూ తెల్లమచ్చ జబ్బు నుంచి బయటపడ్డాయి. సాయం చేసినవాళ్ళకు విడివిడిగా చెప్పినా మనసుకు తృప్తిగా లేక ఇక్కడ రాస్తున్నాను.

అందరికంటే ముందు పై ఫ్లోర్ అక్కావాళ్ళ మావయ్యగారికి. ఆయనకు కైకలూరు దగ్గర చేపల చెరువులున్నాయి. ఎకరాల్లో చేపలు పెంచే మనిషి మా గాజుతొట్టి సంగతి వింటే నవ్వుతారేమో అనుకున్నాం. వీడియో కాల్‌లో ఆయన అడిగిన మొదటి ప్రశ్న, మచ్చలు ఎక్కడున్నాయని. మొప్పల మీదా, ముందు రెక్కల అంచునా మాత్రమే ఉంటే జబ్బు కాకపోవచ్చట, జతకట్టే కాలంలో మగవాటికి అలా వస్తాయట. మావాటికి తోక దాకా రవ్వ చల్లినట్టున్నాయి. పైగా రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటున్నాయి.

అప్పుడు చెప్పారు ఉప్పు సంగతి. ఇంకేమీ కలపని కల్లుప్పు, లీటరుకు 3 గ్రాములు. "చెంచా లెక్క వద్దమ్మా, కాటా మీద తూచు" అన్నారు. మా తొట్టిలో 50 లీటర్లకు 150 గ్రాములు, అదీ మూడు విడతలుగా, పూటకో 50 గ్రాములు విడిగా కరిగించి పోయించారు. మొక్కలు ఉప్పుకు తట్టుకోవని ముందే బకెట్‌లోకి తీయించారు. నీళ్ళు ఆవిరైతే ఉప్పు తొట్టిలోనే ఉంటుంది, మామూలు నీళ్ళు పోస్తే చాలు. 10 లీటర్లు తీసి మార్చితే మాత్రం 30 గ్రాములు కలపాలి.

మచ్చలు పోగానే మా పాప మొక్కలు పెట్టేద్దామని ఒకటే గోల. ఆయన ఒప్పుకోలేదు. ఈ జబ్బు తెచ్చే పురుగు చర్మం కింద దాక్కున్నంతసేపూ ఉప్పు దాన్ని ఏమీ చేయదట. అది రాలి, అడుగున పిల్లలై, మళ్ళీ చేపను వెతుక్కుంటూ ఈదేటప్పుడే చస్తుందట. అందుకే ఇంకో వారం ఉప్పునీళ్ళే ఉంచాం. ఈ మాటకే ఆయనకు ఎక్కువ రుణపడ్డాను.

కిరాణా కొట్టు అన్నకూ థాంక్స్. ఉప్పు చేపల కోసం అంటే "పులుసుకా?" అని అడిగి, విషయం తెలిశాక డబ్బులు తీసుకోలేదు.

జబ్బు మొప్పలకు పాకి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే మాకు ఒకటే టెన్షన్. రాత్రివేళ తన ఎయిర్ పంప్ తెచ్చి పెట్టిన కింది ఫ్లోర్ తమ్ముడూ, నీ పంప్ ఆదివారం ఇస్తాను. నీ చేపలకు అంటకుండా పైపూ, గాలిరాయీ ఎండలో ఆరబెడుతున్నాను.