చీమ ఇంట్లో చీకటి

కొలోన్, జర్మనీ
నవంబరు 16

అక్కయ్యకు నీ చెల్లెలు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము ముగ్గురమూ క్షేమం. అమ్మ, బావగారు, నువ్వు, పిల్లలు క్షేమమని తలుస్తాను.

మీ అంగన్‌వాడీకి కొత్తగా వచ్చిన పిల్లలు ఊరికే కొట్టుకుంటున్నారనీ, జాలి, దయ నేర్పే కథల పుస్తకాలు ఇక్కడ దొరికితే పంపమనీ అడిగావు. తప్పకుండా పంపుతాను. అయితే ఈ నెలలో మా ఇంట్లో జరిగిన సంగతి చూశాక, నీకు కావలసిన కథ పర్లాకిమిడిలో మన అరుగు మీదే ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

నవంబరు 11న ఇక్కడ సెయింట్ మార్టిన్ పండుగ. చలికి వణుకుతున్న ఒక బిచ్చగాణ్ణి చూసి, రోమన్ సైనికుడైన మార్టిన్ తన పై వస్త్రాన్ని కత్తితో రెండుగా కోసి సగం ఇచ్చాడన్నది కథ. ఆ సాయంత్రం పిల్లలు తమ చేతులతో చేసుకున్న కాగితపు లాంతర్లు పట్టుకుని పాడుతూ వీధుల్లో నడుస్తారు. పండుగకు నాలుగు రోజుల ముందు మా బాబు తోటి పిల్లవాడి లాంతరు చింపేశాడు. ఇంటికి తీసుకువచ్చి గట్టిగా మందలించాను. ఆ రాత్రి ఏడు చేపల కథ చెప్పి, చివర "చూశావా, ఎవరినీ బాధపెట్టకూడదు" అని ఒక నీతి అతికించాను. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు రాత్రి వాడే మళ్ళీ ఆ కథ అడిగాడు. ఈసారి అమ్మ చెప్పినట్టే చెప్పాను. చేప ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డం వచ్చింది, గడ్డిమోపు ఎందుకు అడ్డం వచ్చిందంటే ఆవు మేయలేదు, ఆవును పాలేరు మేపలేదు, పాలేరుకు అవ్వ బువ్వ పెట్టలేదు, అవ్వ దగ్గర పిల్లవాడు ఏడ్చాడు, పిల్లవాణ్ణి చీమ కుట్టింది. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అన్న దగ్గర ఆపేసి ఊరుకున్నాను. చాలాసేపటికి బాబు తన చూపుడు వేలు పిడికిట్లో దూర్చి చూసుకుంటూ, "అమ్మా, వేలు పెడితే చీమ ఇంట్లో చీకటైపోతుందా?" అని అడిగాడు. అవుతుందన్నాను. ఇంకాసేపటికి, "వాడు ముందు నన్ను తోశాడు, నా లాంతరు నీళ్ళలో పడింది" అన్నాడు.

ఆ మాట విని నాకు గుండె కలుక్కుమంది. ఆ రోజు వాణ్ణి ఒక్కసారైనా "ఎందుకు చింపావు?" అని నేను అడగలేదు. ఆ కథలో ఎవరికీ దెబ్బలు లేవు, శిక్షలు లేవు. ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలిచి "ఎందుకు" అని అడుగుతారు, చెప్పింది విని ముందుకు వెళ్తారు. అలా వెళ్ళి వెళ్ళి, అందరికంటే చిన్నదైన చీమ దగ్గర ఆగి దాని గోడు కూడా వింటారు. అందుకే అక్కయ్యా, చీమ జవాబు తర్వాత ఒక్క మాట కూడా కలపవద్దని నిన్ను బతిమాలుతున్నాను. ఆ తర్వాతి మాట పిల్లలది.

మూడేళ్ళవాళ్ళు ఇదంతా పట్టించుకోకపోతే రాతిగుండె పిల్లలని అనుకోకు. బాబు వాళ్ళ టీచరు నాకు ఒక సంగతి చెప్పారు. 1983లో విమ్మర్, పెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు పిల్లలకు ఒక చిన్న కథ చూపించారట. ఒక అబ్బాయి చాక్లెట్టును ఒక అలమరలో పెట్టి వెళ్తాడు; వాడు లేనప్పుడు తల్లి దాన్ని ఇంకో అలమరలోకి మారుస్తుంది; వాడు తిరిగి వచ్చి ఎక్కడ వెతుకుతాడు? మరీ చిన్న పిల్లలు చాక్లెట్టు ఇప్పుడున్న చోటునే చూపిస్తారు. తనకు తెలిసింది ఎదుటివాడికి తెలియకపోవచ్చునన్న ఊహ సాధారణంగా నాలుగైదేళ్ళ మధ్య కుదురుకుంటుంది.

ఎదురింటి ఒడియా మావుసి (పిన్ని) భాద్రపద మాసపు ఆదివారాల్లో ఖుదురుకుణి ఓషా అనే నోము చేసి, నూకల ప్రసాదం మన దోసిట్లో పోసి చెప్పిన తపోయి అనే పిల్ల కథ కూడా పిల్లలకు చెప్పు. అన్నలు ఓడలెక్కి వ్యాపారానికి వెళ్ళాక వదినలు ఆ పిల్లను మేకలు కాయడానికి పంపిన ఘట్టం, కడగొట్టు వదిన ఒక్కతే ఆమెను ఆదరించిన ఘట్టం నిదానంగా చెప్పు. చివర వదినల ముక్కులు కోసే ఘట్టం మాత్రం ఆ వయసుకు వద్దని నా అభిప్రాయం. మనం చిన్నప్పుడు దానికోసమే కాచుకుని కూర్చునేవాళ్ళం, చిన్న వదిన మంచితనం మనకు అసలు పట్టలేదు.

కొండల మీది నుంచి వచ్చే సవర పిల్లలు కథ వేళ బిక్కమొహం వేసుకుని కూర్చుంటారన్నావు. గిడుగు రామమూర్తి పంతులుగారు మన ఊళ్ళోనే ఉండి, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకున్నారు. మీ సహాయకురాలికి సవర వచ్చు కదా, కనీసం చీమ మాట ఒక్కటైనా ఆమె చేత ఆ భాషలో చెప్పించు.

పండుగనాడు పిల్లలకు మనిషి ఆకారంలో చేసిన బన్నురొట్టెలు ఇచ్చారు. ఆ బొమ్మ చేతిలో మట్టితో చేసిన చిన్న చుట్టగొట్టం కూడా ఉంటుంది. బాబు తన రొట్టెను నడుము దగ్గర తుంచి, కాళ్ళ సగం ఆ లాంతరు పిల్లవాడికి ఇచ్చి, గొట్టం ఉన్న సగం తాను ఉంచుకున్నాడు. కొంచెం దూరం నడిచాక ఆ గొట్టాన్ని ఊదుకోమని వాడికి ఇచ్చి, మళ్ళీ తీసుకున్నాడు. ఈసారి నేను మధ్యలో కలగజేసుకోలేదు.

ఒక్క కోరిక. చీమ మాట చెప్పేటప్పుడు అమ్మ గొంతు సన్నగా, కాస్త కోపంగా మారేది. ఎంత ప్రయత్నించినా నాకు ఆ గొంతు రావడం లేదు. అమ్మ చేత కథంతా చెప్పించి, ఫోనులో రికార్డు చేసి పంపించు.

ఇట్లు,
నీ చెల్లెలు