ఎండాకాలం పేరు చెప్పి మీ బళ్లలో నేను పోసిన చిక్కటి ఆయిల్ గురించి

మన గ్యారేజీకి వచ్చే టర్బో బళ్ల వాళ్లందరికీ నమస్కారం. ముందు నా తప్పు ఒప్పుకోవాలి. మొన్న ఎండాకాలం, మార్చి నుంచి జూన్ దాకా, ఆరు బళ్లకి 10డబ్ల్యూ-60 అనే బాగా చిక్కటి ఇంజన్ ఆయిల్ పోశాను. ఆ బళ్లకి కంపెనీ చెప్పింది అది కాదు. "హైదరాబాద్ ఎండకి పల్చటి ఆయిల్ నిలవదు సార్, స్పోర్ట్స్ కారుకి చిక్కగా ఉండాలి" అని నేనే చెప్పి, ఎక్కువ డబ్బులు తీసుకుని మరీ పోశాను. ఆ ఆరుగురికీ ఫోన్ చేశాను. ఆయిలూ ఫిల్టరూ మార్చి ఇస్తాను, పైసా తీసుకోను. ఇద్దరు వచ్చి వెళ్లారు. మిగతా నలుగురూ ఈ నెలలోనే రండి.

సంగతి ఎలా బయటపడిందో చెప్తాను. ఆ ఆరింటిలో ఒకటి 2017 స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్. రెండు లీటర్ల టర్బో ఇంజన్, 230 హార్స్‌పవర్. ఆగస్టులో ఆయన ఫోన్ చేసి, "అన్నా, పొద్దున్నే స్టార్ట్ చేస్తే డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడొస్తోంది. నాలుగైదు సెకన్లుండి పోతోంది" అన్నాడు. రాత్రికి బండి ఇక్కడే వదిలెళ్లమన్నాను. పొద్దున ఏడింటికి నేనూ మా మేస్త్రీ బానెట్ ఎత్తి స్టార్ట్ చేశాం. నిజమే, టైమింగ్ చెయిన్ (ఇంజన్ వాల్వుల్ని వేళకి తెరిచి మూయించే గొలుసు) వైపు గరగరమంటోంది. చెయిన్, టెన్షనర్ మార్చాల్సిందేనని నేను అప్పుడే మనసులో లెక్క వేసేశాను. అరవై వేలు దాటే పని. మేస్త్రీ మాత్రం కదల్లేదు. "ముందు ఆ పానకం దించి చూద్దాం సార్" అన్నాడు.

దించాం. ఇంజన్ కింద ఆయిల్ నిలిచే సంపు బోల్టు విప్పితే సాగుతూ కారింది. ఆ ఇంజన్‌కి ఫోక్స్‌వ్యాగన్ (స్కోడా వాళ్ల పెద్ద కంపెనీ) 502 00 అప్రూవల్ ఉన్న 5డబ్ల్యూ-40 సరిపోతుంది, అదే పోశాం. సుమారు 5.7 లీటర్లు పడుతుంది, ఐదు లీటర్ల డబ్బా చాలదు, ఇంకో లీటరు సీసా విప్పాలి. రాత్రంతా చల్లారనిచ్చి మర్నాడు పొద్దున స్టార్ట్ చేస్తే చప్పుడు లేదు. ఆ తర్వాతి రోజూ లేదు.

చెయిన్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌కి బలం ఆయిల్ ప్రెషర్ నుంచే వస్తుంది. చల్లగా ఉన్న ఇంజన్‌లో చిక్కటి ఆయిల్ అక్కడిదాకా పాకేసరికి ఆలస్యమవుతుంది, ఆ కాసేపు చెయిన్ వదులుగా కొట్టుకుంటుంది. మేస్త్రీ అడ్డుపడకపోతే నేను చెయిన్ మార్చేవాణ్ణి, మళ్లీ అదే 10డబ్ల్యూ-60 పోసేవాణ్ణి. అరవై వేలు పోయేవి, చప్పుడు మిగిలేది.

ఇక ఎండ సంగతి. బయట 44 డిగ్రీలున్నా, సంక్రాంతి చలి ఉన్నా, బాగా వేడెక్కాక ఇంజన్ లోపల పెద్ద తేడా ఉండదు. ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లని, అంటే కూలెంట్‌ని, థర్మోస్టాట్ అనే వాల్వు 90 డిగ్రీల చుట్టుపక్కల పట్టి ఉంచుతుంది, ఆయిల్ 100కి కాస్త అటూ ఇటూగా తిరుగుతుంటుంది. డబ్బా మీద రెండో అంకె ఆ 100 డిగ్రీల దగ్గరి చిక్కదనమే. 40 అంటే 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే లెక్క) మధ్య, 60 అంటే 21.9 పైమాట. డబ్ల్యూ ముందున్న అంకె చలిది. 5డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 30 డిగ్రీల్లో పరీక్ష చేస్తారు. మన ఊళ్లో ఆ చలి ఎక్కడిది? 0డబ్ల్యూ మంచిదా 5డబ్ల్యూ మంచిదా అని వాట్సాప్‌లో అర్ధరాత్రి దాకా కొట్టుకునే తమ్ముళ్లు కాస్త నిద్రపోవచ్చు.

స్పోర్ట్స్ కారు వాళ్లు చూడాల్సిన అంకె డబ్బా ముందు వైపు ఉండదు. ఆయిల్ కంపెనీ డేటా షీట్‌లో హెచ్‌టీహెచ్‌ఎస్ అని ఉంటుంది. 150 డిగ్రీల వేడిలో, బేరింగ్‌కీ షాఫ్ట్‌కీ మధ్య నలుగుతున్నప్పుడు ఆయిల్ పొర ఎంత గట్టిగా నిలబడుతుందో చెప్పే కొలత అది. మంచి 5డబ్ల్యూ-40లో 3.5 పైనే ఉంటుంది. 0డబ్ల్యూ-20లో 2.6 దగ్గర ఉన్నా చాలు, అలాంటి పల్చటి ఆయిల్‌కే కట్టిన ఇంజన్‌లో అది బాగానే పని చేస్తుంది.

మరి 10డబ్ల్యూ-60 దండగా అంటే, కాదు. బీఎండబ్ల్యూ వాళ్లు ఈ46 తరం ఎం3 స్పోర్ట్స్ కారుకి దాన్నే చెప్పారు. నిమిషానికి 8,000 చుట్ల (ఆర్పీఎం) దాకా తిరిగే ఇంజన్ అది. తర్వాత వచ్చిన టర్బో ఎం ఇంజన్లకి అదే కంపెనీ పల్చటి ఆయిల్‌కి వచ్చేసింది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కి బండి తీసుకెళ్లేవాళ్లు ముందురోజు నాతో మాట్లాడండి, అక్కడ ఆయిల్ వేడి లెక్కే వేరు. మన ఊరి చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) చుట్టి రావడం ట్రాక్ కిందకి రాదు. (2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన రేసు జరిగాక, "వాళ్లేం ఆయిల్ వాడతారన్నా" అని ముగ్గురు అడిగారు. అవి కరెంటు బళ్లు నాయనా, ఇంజనే లేదు.)

కొనేటప్పుడు డబ్బా వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. "అప్రూవల్" అని రాసి పక్కన నంబర్ ఉంటే కారు కంపెనీ ఒప్పుకున్నట్టు. ఫోక్స్‌వ్యాగన్ 502 00, మెర్సిడెస్ 229.5, పోర్షే ఏ40 లాంటివి ఆ నంబర్లు. "ఈ నంబర్‌కి తగినది" అని మాత్రమే ఉంటే అది ఆయిల్ అమ్మేవాడి మాట. "ఫుల్ సింథటిక్" అన్న పెద్దక్షరాలకి నేను అంత విలువివ్వను. 1999లో అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ మధ్య దీని మీదే పేచీ వచ్చింది. ముడి చమురునే బాగా శుద్ధి చేసి తీసిన గ్రూప్ 3 ఆయిల్‌ని కూడా సింథటిక్ అని ప్రచారం చేసుకోవచ్చని తేలింది. గ్రూప్ 3లో చాలా మంచి ఆయిళ్లున్నాయి, నేనూ అమ్ముతాను. ఆ మాట చూసి రేటు ఎక్కువ పెట్టొద్దంటున్నాను, అంతే.

టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ బండికి (పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే రకం) డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అనే ఆయిల్ ప్రమాణం ఉందో లేదో కూడా చూడండి. 2020లో వచ్చింది. గచ్చిబౌలి ఫ్లైఓవర్ ఎక్కుతూ ఐదో గేర్‌లో 1,500 ఆర్పీఎం దగ్గర యాక్సిలరేటర్ మొత్తం తొక్కితే, ఆయిలూ పెట్రోలూ కలిసిన చుక్క స్పార్క్ కంటే ముందే అంటుకునే ప్రమాదం ఉంది. పిస్టన్ పగిలిన ఇంజన్లున్నాయి. ఆయిల్‌లో కాల్షియం ఎక్కువుంటే అది ఎక్కువవుతుందని తేలాక కాల్షియం తగ్గించి మెగ్నీషియం కలుపుతున్నారు. ఆయిల్ మంచిదైనా సరే, గేర్ మాత్రం దించండి.

మొన్న ఒకాయన సంతోషంగా వచ్చాడు. "నా బండి చుక్క ఆయిల్ తాగదన్నా, పైగా లెవెల్ పెరుగుతోంది." డిప్‌స్టిక్ తీసి వాసన చూపించాను. పెట్రోల్. ఇంటి నుంచి ఆఫీసుకి నాలుగు కిలోమీటర్లు, ఇంజన్ వేడెక్కేలోపే ఆపేస్తాడు. కలిసిన పెట్రోల్ ఆవిరయ్యే సందే లేదు. ఇలాంటి బళ్లకి 5,000 కిలోమీటర్ల దగ్గరే ఆయిల్ మారుస్తాను. వారం వారం విజయవాడ వెళ్లొచ్చే బండికి పుస్తకంలో రాసినంత దూరం నడిపినా నాకు బెంగ లేదు.

ఈ నెల నుంచి డ్రమ్ములో లూజు ఆయిల్ మానేశాను. సీల్ మీ ముందే తీస్తాం, మిగిలింది మీ డిక్కీలో పెడతాం, ఖాళీ డబ్బాకి డ్రిల్లుతో చిల్లు పెట్టి పడేస్తాం. మూత చెడని డబ్బాకి మంచి రేటిస్తానని ఒకడు రెండుసార్లు వచ్చాడు, వాటిలోకి మళ్లీ ఎలాంటి ఆయిల్ వెళ్తుందో మీకు చెప్పక్కర్లేదు. దీనివల్ల బిల్లు ఐదారు వందలు పెరుగుతుంది. ఆయిల్ మీరే తెచ్చుకుంటానంటే తెచ్చుకోండి, కొన్న బిల్లు చూపించండి, లేబర్ మాత్రం తీసుకుంటాను.

మిగిలిన ఆ నలుగురూ పొద్దున తొమ్మిదిలోపు వస్తే మంచిది. బండి చల్లగా ఉండగా స్టార్ట్ చేసి చప్పుడు నేనే వినాలి. ఆదివారం మూసి ఉంటుంది.