యాంటెన్నా ఒక్కటే నిలిస్తే చాలదు, కేబులూ నిలవాలి

సంపాదకులకు నమస్కారం.

తుపాను హెచ్చరికలు వెలువడినప్పుడల్లా మన పత్రికల్లో అమెచ్యూర్ రేడియో ప్రస్తావన వస్తుంది. సెల్ టవర్లు మూగబోయినా హ్యామ్‌లు, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచిగా సొంత రేడియో సెట్లతో సంభాషించేవారు, సందేశాలు అందించగలరని రాస్తారు. అది నిజమే. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్ దీవులను ముంచెత్తినప్పుడు, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అప్పటికే పోర్ట్ బ్లెయిర్ వెళ్లి ఒక హోటల్ నుంచి ప్రసారాలు చేస్తున్న భారతీ ప్రసాద్ గారు అక్కడివారి క్షేమ సమాచారాన్ని దేశానికి చేరవేశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటాక కరెంటూ ఫోన్లూ ఒక్కసారే పోతే ఎలా ఉంటుందో ఉత్తరాంధ్రలో ఎవరికీ చెప్పనక్కరలేదు. అయితే ఈ ఏర్పాట్లలో సెట్టు గురించి, బ్యాటరీ గురించి, యాంటెన్నా ఎత్తు గురించి జరిగే చర్చలో పదోవంతు కూడా సెట్టునూ యాంటెన్నానూ కలిపే కోయాక్సియల్ కేబుల్ (మధ్యలో ఒక రాగి తీగ, దాని చుట్టూ ఇన్సులేషన్, దాని మీద అల్లిన రాగి జాలీ, పైన తొడుగు ఉండే కేబుల్) గురించి జరగడం లేదు. గాలివానలో ముందుగా దెబ్బతినేది చాలాసార్లు అదే కనుక ఈ లేఖ రాస్తున్నాను.

7 మెగాహెర్ట్జ్ బ్యాండుకు వాడే సాధారణ డైపోల్ యాంటెన్నాను తీసుకుందాం. సుమారు 20 మీటర్ల తీగ, దాని నడిమధ్య ఒక ఇన్సులేటర్, అక్కడి నుంచి కిందికి దిగే కేబుల్, అంతే. మన ఊళ్లలో దీన్ని రెండు కొబ్బరిచెట్ల మధ్యనో, రెండు డాబాల మధ్యనో లాగి కడతారు. ఆర్‌జీ-213 రకం కేబుల్ మీటరుకు దాదాపు 150 గ్రాములు తూగుతుంది కాబట్టి, 12 మీటర్ల ఎత్తు నుంచి వేలాడే కేబుల్ బరువు రెండు కిలోలకు కాస్త తక్కువ. ఆ బరువంతా ఇన్సులేటర్ దగ్గర టంకం పెట్టిన రెండు అతుకుల మీదే పడితే, మామూలు రోజుల్లో ఎలాగో నెట్టుకొచ్చినా, చెట్లు ఊగిపోయే గాలిలో కేబుల్ అదే చోట వంగి వంగి మొదట రాగి జాలీ పోగులు, తర్వాత మధ్య తీగ తెగిపోతాయి. టంకం కరెంటు పారడానికి పెట్టేదే తప్ప బరువు మోయడానికి పెట్టేది కాదు.

దీనికి ఖరీదైన సామగ్రి ఏమీ అక్కరలేదు. కూరగాయలు తరిగే మందపాటి ప్లాస్టిక్ పలక నుంచి అరచేతి పొడవు ముక్క కోసి, కేబుల్ పట్టేంత రంధ్రాలు నాలుగు చేసి, కేబుల్‌ను ఒక రంధ్రంలోంచి ముందుకూ మరో రంధ్రంలోంచి వెనక్కూ తిప్పి రెండుచోట్ల కడితే, బరువంతా పలక మీదికి వెళ్లిపోతుంది. మధ్య తీగనూ జాలీనీ యాంటెన్నాకు కలిపే కొసలు మాత్రం కాస్త వదులుగా ఉండాలి. కేబుల్‌ను వేలితో కిందికి లాగి చూసినప్పుడు పలక కదలాలి, ఆ కొసలు కదలకూడదు. నడిమధ్య ఒక స్తంభం నిలబెట్టి డైపోల్ తీగ రెండు సగాలనూ ఏటవాలుగా కిందికి దింపే పద్ధతి ఇంకా మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అప్పుడు కేబుల్‌ను పొడుగునా స్తంభానికే కట్టుకోవచ్చు.

కట్టడంలోనూ పద్ధతి ఉంది. శ్లాబు ఊచలు కట్టే బైండింగ్ వైరుతో కేబుల్‌ను స్తంభానికి మెలిపెట్టి బిగించడం మన దగ్గర బాగా అలవాటు. ఆ వైరు తుప్పు పడుతూ నల్లటి తొడుగులోకి దిగబడుతుంది. తెల్లటి ప్లాస్టిక్ కేబుల్ టైలు ఎండకు పెళుసుబారి, చివరికి చేత్తో ముట్టుకుంటేనే విరుగుతాయి. ఎండను తట్టుకునే నల్లటి టైలు గానీ, మంచి పాలియెస్టర్ తాడు గానీ వాడి, అర మీటరు నుంచి మీటరు దూరానికి ఒక కట్టు వేయాలి. మరీ బిగించకూడదు. ఈ కేబుల్‌కు ఉండవలసిన 50 ఓమ్‌ల ఇంపెడెన్స్ (రేడియో విద్యుత్తుకు కేబుల్ చూపే ఒక రకం నిరోధం) మధ్య తీగకూ చుట్టూ ఉన్న జాలీకీ నడుమ ఉన్న ఎడం మీద ఆధారపడి ఉంటుంది కనుక, టై బిగుతుకు లోపలి ఇన్సులేషన్ నొక్కుకుపోతే ఆ చోట కేబుల్ గుణమే మారిపోతుంది. నురుగు ఇన్సులేషన్ ఉన్న కేబుళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ.

తీరప్రాంతంలో గాలికన్నా మొండి శత్రువు నీరు. కేబుల్ కొసకు బిగించేందుకు ఎక్కువమంది వాడే పీఎల్-259 కనెక్టర్ నీటిని ఆపేందుకు చేసినది కాదు. కట్టు వదులై కేబుల్ ఊగుతుంటే కనెక్టర్ మీద చుట్టిన టేపు సందులిస్తుంది, ఆ సందులోంచి దిగిన వాననీటిని దీపపు వత్తి నూనెను పీల్చినట్లు రాగి జాలీ మీటర్ల కొద్దీ లోపలికి లాక్కుంటుంది. ఉప్పుగాలి తోడైతే జాలీకి నల్లగానో పచ్చగానో చిలుము పడుతుంది. అలా పాడైన కేబుల్ శక్తిని తానే మింగేయడం వల్ల యాంటెన్నా నుంచి తిరిగొచ్చే శక్తి కూడా తగ్గిపోయి, సెట్టు దగ్గర ఆ తిరిగొచ్చే శక్తిని బట్టి అంకె చూపే ఎస్‌డబ్ల్యుఆర్ మీటరు మునుపటికన్నా మంచి అంకె చూపిస్తుంది! మీటరు చూసి అంతా బాగుందనుకునేవారు డాబా ఎక్కి చూడరు. దానికదే అతుక్కుపోయే రబ్బరు టేపును సాగదీసి కింది నుంచి పైకి చుట్టి, దాని మీద మంచి ఇన్సులేషన్ టేపు వేయడం, గోడలోకి వెళ్లేముందు కేబుల్‌ను కిందికి వంపు తిప్పి వాననీరు అక్కడే కారిపోయేలా చేయడం పది నిమిషాల పని.

హ్యామ్‌లు కానివారికీ దీంతో సంబంధం ఉంది. సరిగా కట్టని కేబుల్ గాలికి తెగి వీధిలోని 11 కేవీ లైను మీద పడితే ఆ విద్యుత్తు నేరుగా ఇంట్లోకి వస్తుంది. స్తంభం కూలినా, తీగ తెగి ఎగిరినా కరెంటు తీగలను తాకలేనంత దూరంలోనే యాంటెన్నా నిలపాలి. అది వీలుకాని చోట అసలు నిలపకూడదు. కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట జాలీని ఎర్త్‌కు కలపడం కూడా తప్పనిసరి.

కేంద్ర టెలికాం శాఖ లైసెన్సు కోసం నిర్వహించే పరీక్షలో రేడియో సిద్ధాంతం, నిబంధనలు అడుగుతారు. డాబా మీద తాడు కట్టి చూపించమని ఎవరూ అడగరు. ఆ లోటును శిక్షణ ఇచ్చే క్లబ్బులూ ఇంజనీరింగ్ కళాశాలలూ తీర్చాలి. కొత్తగా చేరిన విద్యార్థికి మైకు ఇచ్చేముందు ఒక కేబుల్ ముక్క, రెండు రకాల టేపు, గజం తాడు ఇచ్చి ఒక డైపోల్ మధ్యభాగాన్ని కట్టించి, దాన్ని లాగి చూడాలి. విపత్తుల కోసం ప్రభుత్వ కార్యాలయాల్లో హ్యామ్ స్టేషన్లు ఏర్పాటు చేసిన అధికారులకూ ఒక మనవి. సెట్టు ఆన్ అవుతోందో లేదో చూడటంతో తనిఖీ పూర్తయినట్లు కాదు. ఏటా జూన్‌లో ఒకసారి, అక్టోబరుకు ముందు మరోసారి స్థానిక హ్యామ్‌ను వెంటబెట్టుకుని డాబా ఎక్కి, ప్రతి కట్టునూ చేత్తో పట్టి చూసి, చిట్లిన టైలనూ వదులైన టేపునూ అప్పటికప్పుడే మార్పించి, ఆ తేదీని రిజిస్టరులో రాయించాలి.

ఇట్లు
ఒక అమెచ్యూర్ రేడియో లైసెన్సుదారు,
కాకినాడ